బ్రాంప్టన్‌లో హెత్తె దీపం

బ్రాంప్టన్‌కు తీర్థయాత్రకు వెళ్ళివచ్చానంటే ఇక్కడ కెనడాలో మా కిచెనర్ తెలుగువాళ్ళు నవ్వారు. మేమంతా అక్కడికి వెళ్ళేది లేత కరివేపాకుకో, పెళ్ళిబట్టలకో, బ్రేకులు చవగ్గా బాగుచేసే మెకానిక్కు కోసమో. దేవత కోసం వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి లేరు. నాకు ఆ దేవత మీద నమ్మకం కూడా లేదు. అయినా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ముందు చెప్పకపోతే తర్వాత జరిగినవి మరీ పిచ్చిగా కనిపిస్తాయి. చెప్పినా కొంత పిచ్చిగానే ఉంటాయి.

మా ఆయన బడగ మనిషి. నీలగిరి కొండల్లో, కోటగిరికి దగ్గర్లో వాళ్ళ ఊరు. మాది రాజమండ్రి. ఇద్దరం ఇక్కడి విశ్వవిద్యాలయంలోనే పనిచేశాం. ఆయన మట్టి గురించి పాఠాలు చెప్పేవారు, నేను లైబ్రరీలో ఉండేదాన్ని. కిందటి మే నెలలో ఆయన పోయారు.

హెత్తె బడగల మూలపుటమ్మ. ఆ మాటకు వాళ్ళ భాషలో అవ్వ అనే అర్థం. పైలోకం నుంచి దిగివచ్చిన దేవత కాదు. ఆ కొండల్లోనే పుట్టి, కాపురం చేసి, కష్టపడి చచ్చిపోయిన ఆడమనిషి. ఎలా చచ్చిపోయిందో ఊరికో కథ. మా ఆయన వాళ్ళ ఊరి కథలో, భర్త పోయిన తర్వాత నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయింది. మన పల్లెల్లో పేరంటాలమ్మ కథలు విన్నవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. బతికుండగా ఆమె మాట ఎవరూ వినరు, పోయాక అందరూ మొక్కుతారు. ఒక తేడా మాత్రం ఉంది. పేరంటాలమ్మకు మనం పసుపు, కుంకుమ, ఎర్ర రవికెగుడ్డ పెడతాం. హెత్తెకు అంతా తెలుపే. చలికాలంలో, పున్నమి దాటిన సోమవారం నాడు, ఆడా మగా తెల్లబట్టలు కట్టుకుని, తలకు కూడా తెల్లగుడ్డ చుట్టుకుని, చెప్పులు లేకుండా కొండదారుల వెంట నడిచి వెళ్ళి ఆమెకు కానుక వేస్తారు.

నవంబరులో మా వదిన, అంటే మా ఆయన అక్క, కోటగిరి నుంచి ఫోన్ చేసింది. ఆమెతో నేను తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాను. మధ్యలో ఆమె బడగ కలుపుతుంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మా ఇంట్లో మనిషి పోతే, తర్వాత వచ్చే మొదటి పండుగకు వాడి చేతి నాణెం ఒకటి హెత్తెకు చేరాలి. ఊరందరి పద్ధతీ కాదు, మా ఇంటి పద్ధతి. చేరేదాకా వాడు గడప బయటే నిలబడి ఉంటాడు. లోపలికి రాలేడు, వదిలిపెట్టి పోలేడు."

"నాణెం పోస్టులో పంపుతాను వదినా." డాక్టరు నన్ను ఆ ఏడాదంతా విమానం ఎక్కొద్దన్నాడు, కాలిలో రక్తం గడ్డకట్టిందని.

"హెత్తెకు పార్సిలా?" అంది వదిన. తర్వాత, "అక్కడ ఇప్పుడు చలెంత?" అని అడిగింది.

చెప్పాను. జనవరిలో ఎంత ఉంటుందో కూడా చెప్పాను.

"మరి చూడు," అని ఫోన్ పెట్టేసింది.

మనిషి పోయాక ఏమవుతుందన్న విషయం మీద లైబ్రరీలో నా చేతుల మీదుగా చాలా పుస్తకాలు వెళ్ళాయి. వాటిలో ఏదీ మైనస్ పద్నాలుగు డిగ్రీల సంగతి రాయలేదు. ఆ రోజు వరండా లైటు వేశాను. నమ్మి కాదు. వేశాను, తర్వాత ఆపలేదు.

వారం తిరక్కుండా వదిన మళ్ళీ ఫోన్ చేసింది. "మీ పక్కన బ్రాంప్టన్ అని ఉందట కదా. అక్కడ మన పిల్లలు పండుగ చేస్తున్నారట. వాట్సాప్‌లో చూశాను. అక్కడ ఇచ్చెయ్. ఆమె నడిచే మనిషి, వస్తుంది."

కిచెనర్

ఆయన చలికోటు లోపలి జేబులో ఒక రూపాయి బిళ్ళ ఉంది. ఆఖరిసారి ఇండియా వెళ్ళొచ్చినప్పటిది. ఆయన పంచె అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి అందులో బిళ్ళను ముడివేశాను. మన ముడుపులాగే ఉంది, పసుపు లేదంతే.

జనవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం బస్సు. బస్సంతా విద్యార్థులే. రెండుమూడేళ్ళుగా ఏ బస్సు ఎక్కినా ఇంతే. వీపున సంచి, చేతిలో ఫోన్, కళ్ళ కింద నలుపు. నా పక్కన ఒక గుజరాతీ అమ్మాయి కూర్చుంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లో తన చదువు, అనుభవం రాసుకున్న కాగితాలు. బ్రాంప్టన్‌లో కొత్తగా తెరుస్తున్న కిరాణా దుకాణంలో పని కోసం వెళుతోంది. కిందటిసారి అలాంటి దుకాణం ముందు క్యూ మూల తిరిగి రెండో వీధిలోకి వెళ్ళిందట.

"ఆంటీ, మీరూ ఇంటర్వ్యూకేనా?" అని అడిగింది.

"ఒక రకంగా."

"ఏ పోస్టుకి?"

నేను జేబులోని ముడుపు తడుముకున్నాను. ఆ అమ్మాయి దాన్ని రహస్యం అనుకున్నట్టుంది, మర్యాదగా కిటికీవైపు తిరిగింది. ఆమె అడిగిన దానికి జవాబు బ్రాంప్టన్‌లో దొరికింది. అవ్వ పోస్టు.

బ్రాంప్టన్

స్టాపులో రమ్య కారుతో ఎదురుచూస్తోంది. ఇరవైరెండేళ్ళు ఉంటాయి. మా వదిన వాళ్ళ పక్క ఊరి అమ్మాయి. ఇక్కడ హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ గిడ్డంగిలో పెట్టెలకు టేపు వేస్తుంది. కారులో హీటర్ పనిచేయదు. అందుకే తొమ్మిది వందల డాలర్లకు వచ్చిందట.

వాళ్ళుండేది ఒక పంజాబీ కుటుంబం ఇంటి బేస్‌మెంటులో. ఒక గదిలో నలుగురు అమ్మాయిలు, ఇంకో గదిలో ముగ్గురు అబ్బాయిలు, ఒక్క పొయ్యి. తలకు నెలకు ఆరువందల యాభై డాలర్లు. రాజమండ్రిలో ఆ డబ్బుకు మేడ అద్దెకు వస్తుంది, కానీ రాజమండ్రిలో టేపు వేసినందుకు గంటకు పదహారు డాలర్లు ఎవరూ ఇవ్వరు. రమ్య తన మంచం నాకిచ్చింది. వద్దంటే వినలేదు.

సర్దుకున్నాక తెల్లచీర ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. నేను దాన్ని మంచం అంచుకు జరిపాను. మా కిచెనర్ ఆడవాళ్ళు మంచివాళ్ళు. ఆయన పోయిన తర్వాత నెల తిరగకుండా వచ్చి, "రంగుచీరలే కట్టుకోండి ఆంటీ, ఈ రోజుల్లో అవన్నీ ఎవరు పాటిస్తున్నారు" అన్నారు. కట్టుకుని పేరంటానికి వెళితే, వరసలో నా దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె మూత పడింది. నాకు స్వీటు రెండు ఎక్కువ పెట్టారు. కాబట్టి తెల్లచీర చూడగానే ఈ పిల్ల కూడా నా స్థితి గుర్తుచేస్తోందనుకున్నాను.

"అందరికీ ఇదే ఆంటీ," అంది రమ్య తనది కూడా చూపిస్తూ. "హెత్తె దగ్గర పెళ్ళైనవాళ్ళు, కానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు అని తేడా లేదు."

పొయ్యి దగ్గర ఉల్లిపాయలు కోస్తున్న అబ్బాయి తెలుగులో అందుకున్నాడు. పేరు సాయికిరణ్, నిజామాబాద్. బడగ కాదు, ఏమీ కాదు. ఆ బేస్‌మెంటులో పెద్ద గిన్నె ఉన్నది అతనొక్కడి దగ్గరే కాబట్టి పండుగలోకి లాగారు.

"ఆంటీ, మా దిక్కు ఇంతమంది తెల్లగుడ్డలు కట్టుకున్నరంటే ఎవరో పోయిన్రని అర్థం. నేను ఓనర్ అంకుల్‌కు బర్త్‌డే పార్టీ అని చెప్పిన. ఎల్లుండి ఆయన చూసి ఎవని బర్త్‌డేరా ఇది అంటే ఏం చెప్పాలె?"

"హెత్తెది అని చెప్పు," అన్నాను.

"ఎన్నో బర్త్‌డే అంటడు. పంజాబోళ్ళకు లెక్క గావాలె."

అప్పుడు రమ్య అసలు సంగతి చెప్పింది. బడగల్లో పెద్దవాళ్ళు ఎదురైతే చిన్నవాళ్ళు తలపాగా తీసి వంగుతారు. పెద్దవాళ్ళు తల మీద చెయ్యిపెట్టి దీవిస్తారు. మనలా కాళ్ళకు మొక్కడం కాదు, తలే ముందుకు పెడతారు. హెత్తె పండుగ నాడు అవ్వ చెయ్యి తలమీద పడకపోతే పండుగ చేసినట్టు కాదట. ఈ రెండుమూడేళ్ళలో వచ్చిన బడగ పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి ముప్పైమందికి పైగా ఉన్నారు. అందరికీ ఇరవయ్యో ఇరవైనాలుగో.

"ఇక్కడ మాకు అన్నీ దొరికాయి ఆంటీ. అవరె చిక్కుళ్ళు కూడా దొరికాయి. అవ్వలే దొరకలేదు."

"నేను బడగ కాదమ్మా. నాకు మీ భాషలో అన్నం, నీళ్ళు, చలి తప్ప రావు."

"చాలు," అంది. "ఒక్క మాట నేర్చుకోండి. ఒందు సావిర ఆగలి."

ఒకటి వెయ్యి కావాలని దాని అర్థం. ఒక్కటిగా మిగలడమే కష్టంగా ఉన్న మనిషికి అది చెప్పడం అంత తేలిక కాదు. కానీ రాత్రి భోజనం అయ్యేలోపు వచ్చేసింది. భోజనంలో అవరె గింజలు, బంగాళాదుంప వేసిన పులుసు. మా ఆయన పులుసు. దాన్ని మళ్ళీ తింటాననుకోలేదు. సాయికిరణ్ అందులో చాటుగా పచ్చిమిరపకాయలు వేశాడు, అది మా ఆయన ఎప్పుడూ ఒప్పుకునేవారు కాదు.

ఒషావా దాటాక

శనివారం పొద్దున నెయ్యి కోసం బయలుదేరాం. హెత్తె దీపానికి బర్రె నెయ్యే కావాలి. అక్కడ ఊళ్ళో ఆమె పేరుమీద విడిచిన బర్రెలు ఉంటాయని, వాటి నెయ్యితోనే దీపం పెడతారని రమ్య చెప్పింది. ఇక్కడ దుకాణాల్లో దొరికేదంతా ఆవు నెయ్యి. ఒషావా దాటి ఇంకో గంట పోతే జున్ను కోసం బర్రెలు పెంచే ఫారం ఒకటి ఉందని నంజన్ కనిపెట్టాడు.

నంజన్ పండుగ పెద్ద. ఒషావాలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు. దారిలో అతన్ని ఎక్కించుకున్నాం. సన్నగా, గడ్డంతో, పరీక్ష రాయబోయేవాడిలా ఉంటాడు. నన్ను చూడగానే ఊలు టోపీ తీసి తల వంచాడు. కారులో ముందు సీటు నుంచి వెనక సీటుకు తల వంచడం కష్టం. నేను చెయ్యి చాచి మెడ మీద పెట్టగలిగాను.

"ఒందు సావిర ఆగలి."

"ఉచ్చారణ బాగుంది ఆంటీ," అన్నాడు గంభీరంగా.

పండుగలో రాగల ఇబ్బందులన్నీ ముందే ఆలోచించి, ఒక్కోదానికీ విరుగుడు రాసిపెట్టాడు. చెప్పులు లేకుండా నడవడం రద్దు, కాళ్ళు చచ్చుబడతాయి కాబట్టి. బదులుగా బేస్‌మెంటులోనే, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ చుట్టూ తిరగాలి. సోమవారం అందరికీ షిఫ్టులున్నాయి, కాబట్టి ఇండియాలో సోమవారం తెల్లవారే వేళకు, అంటే ఇక్కడ ఆదివారం సాయంత్రం దీపం పెట్టాలి. దీనిమీద వాట్సాప్‌లో ఓటింగ్ జరిగింది. ఇంటి ఓనర్, పక్కింటి కుక్క, పార్కింగ్, అన్నీ ఆలోచించాడు. ఉప్పు సంగతి ఆలోచించలేదు.

ఫారం ముందు కారు ఆపాక నంజన్ మా ఇద్దరివైపు తిరిగాడు. "రమ్యా, నువ్వూ ఆంటీ ఇక్కడే ఉండండి. హెత్తె పాలదగ్గరికి ఆడవాళ్ళు రాకూడదు. మా తాత ఇంట్లో పాలగదిలోకి మా అవ్వ ఎప్పుడూ అడుగుపెట్టలేదు."

"హెత్తె కూడా ఆడదే కదా," అన్నాను.

"అది వేరు ఆంటీ."

"హీటర్ లేని కారులో కూర్చోబెడుతున్నాడు చూడండి," అంది రమ్య. "మేం చచ్చిపోతే మాకూ ఓ పండుగ చేస్తాడు."

నంజన్ బూట్లు విప్పి, సాక్సులతో మంచులో నడుచుకుంటూ కొట్టం వైపు వెళ్ళాడు. కొట్టం తలుపు తీసుకుని ఓవరాల్స్ వేసుకున్న ఒక నడివయసు ఆడమనిషి బయటికి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ అతని కాళ్ళవైపు చూసింది. కొంతసేపు మాట్లాడుకున్నారు. నంజన్ తిరిగి కారు దగ్గరికి వచ్చాడు.

"ఫారం ఆవిడదే."

"పాలు పితికేదెవరు?" అంది రమ్య.

"ఆవిడే. వాళ్ళమ్మ, వాళ్ళ చెల్లెలు. మగవాళ్ళు లెక్కలు చూస్తారట." అతని ముఖం చూస్తే జాలేసింది. తర్వాత కొంచెం తేరుకున్నాడు. "కానీ యంత్రంతో పితుకుతారు. చెయ్యి తగలదు. యంత్రం ఆడదీ కాదు, మగదీ కాదు."

"మరి మేం దిగొచ్చా?"

"దిగండి," అన్నాడు, ఓడిపోయినవాడిలా.

పచ్చిపాలు అమ్మడం ఇక్కడ చట్టరీత్యా కుదరదని ఆవిడ చెప్పింది. వెన్న ఉంది, చిన్న డబ్బా పద్నాలుగు డాలర్లు. నాలుగు తీసుకున్నాం. ఆవిడ మంచి మనిషి. బిస్కెట్ల మీద వెన్న రాసి పళ్ళెంలో పెట్టి తెచ్చింది. "రుచి చూసి తీసుకోండి. నా బర్రెల వెన్న ఇంకెక్కడా దొరకదు."

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. దేవతకు పెట్టేదాన్ని ముందు మనం రుచి చూడకూడదు. రాజమండ్రిలో కూడదు, నీలగిరిలో కూడదు. ఈ ఒక్క విషయంలో మాకు అభిప్రాయభేదం లేదు. నేను నమ్మకం లేనిదాన్ని, అయినా నా చెయ్యి కూడా పళ్ళెంవైపు వెళ్ళలేదు.

"మా అవ్వ ముందు తినాలి," అని నంజన్ ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాడు.

ఆవిడ నావైపు చూసి పళ్ళెం నా ముందుకు జరిపింది. నేను తల అడ్డంగా ఊపాను. అవ్వే తినకపోతే ఇంకెవరు తింటారో ఆవిడకు అర్థం కాలేదు. పళ్ళెం లోపలికి తీసుకుపోయింది. కొంచెం మనసు కష్టపెట్టుకుందనుకుంటాను.

వెనక్కి వస్తున్నప్పుడు ఒళ్ళో డబ్బాలు పెట్టుకుని కూర్చున్నాను. నా కోటు జేబులో ముడుపు. రేపు ఈ పాటికి ఇచ్చేసి ఉంటానని తట్టింది. ఇచ్చేస్తే ఆయన చలిలోంచి బయటపడతారు. మంచిదే. తర్వాత ఆయన వరండాలో ఉండరు. ఆ రెండో సగం అంతవరకూ నేను ఆలోచించలేదు. ఒషావాలో కాఫీ తాగడానికి ఆగినప్పుడు, ఈ ఏడాది కుదరలేదని వదినకు చెబితే ఏమవుతుందో అనుకున్నాను. ఆయన అసలే జలుబు మనిషి. ఆలోచన మానేసి కాఫీ తాగాను.

మళ్ళీ బ్రాంప్టన్

ఆదివారం సాయంత్రానికి బేస్‌మెంటు నిండిపోయింది. చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గర గుట్టగా పోశారు. అందరూ తెలుపులో, తలకు తెల్లగుడ్డతో. చాలామంది అబ్బాయిలకు తలగుడ్డ చుట్టడం రాదు. వీడియో కాల్‌లో తల్లులు చెబుతుంటే చుట్టుకున్నారు. ఒక మూల తెల్లగుడ్డ పరిచి ఇత్తడి దీపం పెట్టారు. హెత్తె అంటే అంతే, బొమ్మ లేదు. నన్ను దాని పక్కన మడతకుర్చీలో కూర్చోబెట్టారు.

ముందు ఫర్నేస్ చుట్టూ నడక జరిగింది. వాషింగ్ మెషీన్ దగ్గర దారి ఇరుకు, ఒక్కొక్కరే పక్కకు తిరిగి దూరాలి. అందులో ఎవరిదో యూనిఫాం తిరుగుతోంది, ఆపితే పొద్దున షిఫ్టుకు పనికిరాదట. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తలగుడ్డ తీసి నా ముందు వంగారు. మొదటి నలుగురైదుగురికి మాట తడబడింది. తర్వాత చెయ్యే తనంతట తాను లేచేది. గిడ్డంగుల్లో రాత్రిషిఫ్టులు చేసే తలలు, కొన్నింటికి ఇప్పుడే నెరుపు. ఒకబ్బాయి వంగినవాడు తొందరగా లేవలేదు. నేనూ చెయ్యి తియ్యలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

అందరి వంతూ అయింది. "ఇప్పుడు మీరు ఆంటీ," అంది రమ్య. నేను ముడుపు కుడిచేతిలోకి తీసుకున్నాను. దీపంలో పోసిన నెయ్యి అయిపోవచ్చింది. సాయికిరణ్ మిగిలిన వెన్నంతా పొయ్యి మీద పెద్ద గిన్నెలో కాస్తున్నాడు.

ముందుగా దీపం చిటపటమంది. ఒత్తి మీంచి చిన్న నిప్పురవ్వలు లేచాయి. అక్కడున్నవాళ్ళు దాన్ని మహిమ అనుకుని చేతులు జోడించారు. పొయ్యి వైపు నుంచి నల్లటి పొగ వచ్చింది.

"ఆంటీ," సాయికిరణ్ గిన్నెలోకి చూస్తూ అన్నాడు, "గీ బర్రె వెన్నల అడుగున తెల్లగ ఇంత పేరుకున్నది, మాడుతున్నది. ఏందిది?" చెంచాతో తీసి, ఇక ఎంగిలి సంగతి మరిచిపోయి, నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పు. గిది ఉప్పు వెన్న."

నంజన్ డబ్బా తీసి చదివాడు. పెద్ద అక్షరాల్లోనే ఉంది. నలుగురం ఎన్నోసార్లు చేత్తో పట్టుకున్నాం. ఒక్కరు బిస్కెట్ కొరికినా తెలిసిపోయేది.

అప్పుడే స్మోక్ అలారమ్ మొదలైంది. మా బేస్‌మెంటుది మోగగానే పై అంతస్తువి కూడా మోగాయి. ఓనర్ అంకుల్ పైనుంచి "బయటికి, బయటికి" అని అరిచాడు. ముప్పైమందికి పైగా తెల్లబట్టల్లో, పక్కదారిలో మెట్లెక్కి పెరట్లోకి పరుగెత్తాం. బూట్ల గుట్టలో వెతుక్కునే తీరిక ఎవరికీ లేదు. ముందు రమ్య, కొంగు అడ్డం పెట్టి, ఆరకుండా దీపం పట్టుకుని నడుస్తోంది. వెనక మేమంతా, మోకాలి లోతు మంచులో, ఉత్త కాళ్ళతో. రద్దు చేసిన నడక ఆ విధంగా జరిగింది.

"ఆంటీ, కాళ్ళు కాళ్ళు," అంటూ సాయికిరణ్ తన తలగుడ్డ విప్పి నా కాళ్ళ కింద పరిచాడు. పక్కింటావిడ కంచె మీంచి తొంగిచూసి, కరాటే క్లాసా అని అడిగింది. అవునని సాయికిరణ్ చెప్పాడు. ఓనర్ అంకుల్ పైజామాలో నిలబడి మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి, సగంలో మానేశాడు.

ఫైరింజన్ వచ్చింది. అందులోవాళ్ళు లోపలికి వెళ్ళి, గిన్నె చూసి, కిటికీలు తెరిచి, బూట్లు తెచ్చి కుప్పగా పోసి, ఇక్కడ బాధ్యులెవరని అడిగారు. అందరి వేళ్ళూ నావైపు తిరిగాయి.

నా దగ్గరికి వచ్చినవాడు చాలా పొడుగు, ఇరవైఐదు దాటి ఉండడు. నా గొంతు మామూలుగానే చిన్నది, ఆ చలిలో ఇంకా చిన్నదైంది. నా మాట వినపడక అతను హెల్మెట్ తీసి, చంకలో పెట్టుకుని, చెవి నావైపు పెట్టి తల వంచాడు.

ఆ సాయంత్రం నా ముందు వంగిన ప్రతి తల మీదా చెయ్యి పెట్టాను. ఇతని తల మీదా పెట్టాను. "ఒందు సావిర ఆగలి," అన్నాను.

"థాంక్యూ మేమ్," అన్నాడతను. కదల్లేదు. అతని వెనక నిలబడ్డ రెండోవాడు, ఇదేదో ఇక్కడి పద్ధతి అనుకున్నాడో ఏమో, తనూ హెల్మెట్ తీసి వంతుకు నిలబడ్డాడు. అతన్నీ దీవించాను. మధ్యలో ఆపడం మర్యాద కాదు.

దీపం ఆర్పమని వాళ్ళు నంజన్‌కు చెప్పారు. తెల్లవారేదాకా ఆర్పకూడదని నంజన్ వాళ్ళకు చెప్పాడు. చివరికి ఇంటికి దూరంగా మంచులోనే గుంట తవ్వి అందులో పెట్టుకోమన్నారు, పక్కన బకెట్ నీళ్ళుండాలని షరతు. నీళ్ళు అప్పుడే గడ్డకడుతున్నాయి.

అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. ఖాళీగా ఉంది. ముడుపు చేతిలోనే ఉన్న సంగతి మరిచి, ఆ అబ్బాయి తల మీద వేళ్ళు చాపాను. తెల్లగుడ్డ ముడి తెల్లటి మంచులో పడిపోయింది. అంతమందీ వంగి ఫోన్ లైట్లతో వెతికారు. తెల్లబట్టల పిల్లలు, మంచు, ఏది ఏదో తెలియలేదు. వెతికినకొద్దీ తొక్కుతున్నామని నంజన్ ఆపించాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెన్న నేనే కొన్నాను ఆంటీ," అన్నాడు.

"నేనూ బిస్కెట్ వద్దన్నాను కదా," అన్నాను.

రమ్య వదినకు వీడియో కాల్ చేసి ఫోన్ నాకిచ్చింది. అక్కడ తెల్లవారింది. వదిన కూడా తెల్లచీరలో ఉంది. జరిగింది చెప్పాను. హెల్మెట్ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

"దీపానికి ఎంత దూరంలో పడింది?"

"నాలుగడుగులు ఉంటుంది."

"నీళ్ళలోకి నడిచిపోయిన మనిషి ఆమె. మంచు నీళ్ళు కాదా? చేరినట్టే."

"ఇప్పుడది గడ్డకట్టి ఉంది కదా వదినా."

వదిన ఆలోచించింది. ఈ చిక్కు వాళ్ళ ఊళ్ళో ఎప్పుడూ రాలేదు. "అయితే కరిగినప్పుడు చేరుతుంది. ఎవరూ వెతకొద్దు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా బయటే ఉంటాడు. ఏం చేస్తాం. వాడి కోటుందా?"

"ఉంది."

"ఇవ్వు మరి," అంది వదిన.

ఇల్లు

సోమవారం రమ్య షిఫ్టుకు పోతూ నన్ను బస్సెక్కించింది. దారిలో దుకాణం ముందు క్యూ కనిపించింది. గుజరాతీ అమ్మాయి అందులో ఉందేమోనని చూశాను, కానీ అందరూ ఒకే రకం కోట్లలో ఉన్నారు. ఓనర్ అంకుల్ ఈ పిల్లలను ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. అతని భార్య మాత్రం తనకూ ఆ దీవెన కావాలని అడిగిందట. నేను అప్పటికే బస్సులో ఉన్నాను.

ఇంటికి రాగానే ఆయన కోటు అలమారలోంచి తీసి వరండాలో కొక్కేనికి తగిలించాను. ఎవరికైనా ఇచ్చేద్దామని డిసెంబరులో సంచిలో పెట్టినదే అది. ఉత్తరాలు పంచే అతను చూసి, "బయట మరిచిపోయారు," అన్నాడు. మరిచిపోలేదని చెప్పాను. మిగతా చలికాలమంతా మెట్ల మీద మంచు ఎప్పటికప్పుడు తోశాను. ఈ ఏడు మంచు ఆలస్యంగా కరిగింది. మార్చి అయిపోతున్నా పోవడంలేదని కిచెనర్ అంతా విసుక్కుంది. నేను విసుక్కోలేదు.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున రమ్య ఫోన్ చేసింది. "ఆంటీ, పెరడంతా నీళ్ళు. మంచు మిగల్లేదు. ఎవరం వెతకలేదు."

"సరేనమ్మా," అన్నాను.

తలుపు తీశాను. మా మెట్ల కింద కూడా నీళ్ళే, మీద ఎండ. ఇక కోటు అవసరం లేదు. తీసి లోపల పెట్టాను. ఆయనకు ఎక్కడికి బయలుదేరినా బూట్ల లేసులు కట్టుకోవడం దగ్గర ఆలస్యమయ్యేది. అంతసేపు తలుపు దగ్గర నిలబడి, తర్వాత వరండా లైటు ఆపాను.